ఎర్రగీతకి పైన

పేపర్లో వార్త మూడు లైన్లే వచ్చింది. పైలట్ తప్పిదం వల్లే పార్సిళ్ల విమానం కూలిందని ప్రాథమిక విచారణలో తేలిందట. చనిపోయిన ఆ పైలట్ భార్య కూడా పైలటే. అదే కంపెనీ, అదే రకం విమానం. సాయంత్రం నాలుగింటికి ఆ కంపెనీకి మిగిలిన రెండో విమానం ఎక్కి, గాల్లో ఎడమ ఇంజన్ ఆపి, తన భర్త తప్పు లేదని రుజువు చేస్తానంది. పై నుంచి అనుమతి కూడా వచ్చింది. దాన్ని ఆపే అధికారం ఇన్‌స్పెక్టర్‌కి లేదు. ఆపడానికి చెప్పుకోదగ్గ కారణమూ ఆమె దగ్గర లేదు. భయం మాత్రం పొద్దుటి నుంచీ ఉంది.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్‌కి ముక్తసరి అని పేరు. ఆమె ఎదుట అలా పిలిచినవాళ్లు లేరు.

మధ్యాహ్నం ఆమె విమానాశ్రయానికి వెళ్లేసరికి పైలట్ భార్య విశ్రాంతి గదిలో బూట్ల లేసులు విప్పి మళ్లీ కడుతోంది. పల్చటి అడుగుల బూట్లు. పెడల్ మీద ఎంత బరువు పడుతోందో పాదానికి తెలియాలంటే అడుగు పల్చగా ఉండాలట. మంగళవారం పొద్దున ఆమె భర్త కూడా ఇలాంటివే వేసుకుని వెళ్లాడు. ఆరూ నలభైకి విమానం లేచింది. చక్రాలు లోపలికి ముడుచుకుంటుండగా ఎడమ ఇంజన్ ఆగిపోయింది. ముక్కు ఎడమకి తిరిగింది, ఎడమ రెక్క వాలింది, కంచె దాటాక విమానం వెల్లకిలా పడింది. ఇంజన్ ఆగిన దగ్గర్నుంచి నేలకి తగిలేదాకా పది సెకన్లు పట్టలేదు. చూసినవాడు టవర్‌లో ఉన్న కంట్రోలర్. అతను చనిపోయినవాడి తమ్ముడు.

ఒక ఇంజన్ ఆగితే విమానం ఎందుకు తిరగబడాలని ఇన్‌స్పెక్టర్ అడిగింది. రెండోది పనిచేస్తూనే ఉంది కదా.

పనిచేయడమే ప్రమాదం అంది పైలట్ భార్య. పడవలో రెండు పక్కలా తెడ్లు వేస్తూ ఒక పక్క ఆపేస్తే పడవ ఆ పక్కకే తిరుగుతుంది. విమానమూ అంతే. ఆ తిరుగుడుని ఆపేది తోక మీది చుక్కాని. కాలితో తొక్కితే అది కదులుతుంది. కానీ చుక్కానికి బలం గాలిది. వేగం తగ్గితే గాలి చాలదు, అప్పుడు ఎంత తొక్కినా విమానం మాట వినదు. ఏ వేగానికి తగ్గితే వినదో ఆ అంకె దగ్గర డయల్ మీద ఎర్రగీత గీసి ఉంటుంది. ఈ విమానానికి అది ఎనభై నాట్లు, అంటే గంటకి దాదాపు నూట యాభై కిలోమీటర్లు.

"వేగాన్ని ఎర్రగీత కిందకి పోనిచ్చాడని రాశారు. మా మరిది రాడార్ తెర మీద చూశాడు. తిరగబడేటప్పుడు ఎనభై ఏడు. ఆ పొద్దున గాలి కూడా లేదు, కాబట్టి రాడార్ అంకెలో తేడా ఉండదు," అంది ఆమె.

"ఎనభై ఏడు దగ్గర తిరగబడకూడదా?"

"కూడదు. అదే ఇవాళ చూపిస్తాను. నాలుగు వేల అడుగుల ఎత్తులో, ఏం జరిగినా సర్దుకునేంత చోటు ఉంచుకుని."

మీ వాళ్లు ఇంజన్ ఆగితే ఏం చేస్తారో చెప్పమంది ఇన్‌స్పెక్టర్. పైలట్ భార్య మొహంలో మొదటిసారి కాస్త గర్వం కనిపించింది. ఇక్కడ అందరిదీ ఒకటే పద్ధతి, మాస్టారి పద్ధతి. మాస్టారు రెండేళ్ల కిందట పోయాడు. ఈ కంపెనీ పైలట్లందరికీ ఆయనే నేర్పాడు. డయళ్ల మధ్య వంపు గాజు గొట్టంలో ఒక గోళీ ఉంటుంది. విమానం పక్కకి జారితే గోళీ కూడా జరుగుతుంది. ఇంజన్ ఆగిన మరుక్షణం చుక్కాని తొక్కి, రెక్కలు సమం చేసి, గోళీని గొట్టం మధ్యకి తేవాలి. తేకపోతే మాస్టారు పెన్సిల్‌తో వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. వెనక కూర్చున్నవాళ్లకి కడుపులో చల్ల కదలకూడదు అనేవాడు. వేరే కంపెనీల వాళ్లు వీళ్లని గోళీ బ్యాచ్ అని ఎగతాళి చేస్తారు. తనూ తన భర్తా ఆ బ్యాచ్‌లోనే కలుసుకున్నారు.

మీ ఆయనకి ఎవరితోనైనా గొడవలున్నాయా అంటే లేవంది. తర్వాత లేసు ముడి వేస్తూ ఆగింది. కిందటేడు వేరే విమానాశ్రయంలో ఒక కుర్ర పైలట్ ఇలాగే చనిపోయాడు. దాని రిపోర్టు తప్పని ఆయన అంటూ ఉండేవాడు. గురువారం వెళ్లి విమానయాన డిపార్ట్‌మెంట్‌లో పెద్దాయనతో మాట్లాడటానికి టైము కూడా అడిగి పెట్టుకున్నాడు. మంగళవారమే పోయాడు.

"రిపోర్టులో తప్పేమిటో చెప్పాడా?"

"ఆ కుర్రాడి తప్పు కాదు, వాడికి నేర్పినవాడి తప్పు అన్నాడు. అంతకంటే చెప్పలేదు. నేనూ అడగలేదు."

ఫ్లైట్ మానుకోమని ఇన్‌స్పెక్టర్ చెప్పి చూసింది. ఇంజన్ ఎందుకు ఆగిందో తేలకుండా అదే రకం విమానం ఎక్కడం మంచిది కాదంది.

"మేడమ్, మీ ఆయన చచ్చిపోయి, తప్పు ఆయనదేనని పేపర్లో వేస్తే మీరు ఇంట్లో కూర్చుంటారా?"

"నాకు పెళ్లి కాలేదు."

"అయితే మీకు చెప్పినా దండగ," అని ఆమె రెండో బూటు అందుకుంది.

శిథిలాలని షెడ్‌లో నేల మీద పరిచారు. రెక్క ఉండాల్సిన చోట రెక్క, తోక ఉండాల్సిన చోట తోక. కుడి ప్రొపెల్లర్ ఆకులు మెలికలు తిరిగి ఉన్నాయి. ఎడమవి తిన్నగా ఉన్నాయి. నేలకి తగిలినప్పుడు అది తిరగడం లేదు. కాక్‌పిట్‌లో కుడి పెడల్ చివరిదాకా నొక్కుకుపోయి అక్కడే ఇరుక్కుంది. పక్కన ఒక బూటు ఉంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని ముట్టుకోలేదు. ఆయన చివరిదాకా తొక్కుతూనే ఉన్నాడు.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తుడుచుకోవడానికి వాటికి ఏమీ అంటలేదు. విమానం ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి గాజు కప్పులోకి కాస్త ఇంధనం వంపి చూడటం అతని పని. ఇంధనంలో నీళ్లు కలిస్తే నీళ్లు అడుక్కి దిగుతాయి. కప్పులో రెండిటికీ మధ్య గీత కనిపిస్తుంది. ఆ పొద్దున ఎడమ కప్పులోనూ కుడి కప్పులోనూ గీత లేదన్నాడు. పిల్లల మీద ఒట్టేశాడు.

ఇంధనం ఏ రంగులో ఉంటుందని ఇన్‌స్పెక్టర్ అడిగింది. నీలం అన్నాడు. రంగు కలిపే అమ్ముతారట.

"కుడి కప్పులో ఏ రంగు?"

"నీలమే."

"ఎడమ కప్పులో?"

అతను పడి ఉన్న ఎడమ రెక్క వైపు చూశాడు. ఇంకా తెల్లవారలేదు, టార్చి వెలుగులో చూశాను అన్నాడు చివరికి. గీత కోసమే చూశాను అన్నాడు. అని కింద కూర్చుండిపోయాడు. గీత కనిపించడానికి ఆ కప్పులో రెండు రకాలు లేవు. మొత్తం నీళ్లే. నేల మీద విమానం సమంగా ఉన్నంతసేపూ నీళ్లు ట్యాంకు అడుగునే ఉన్నాయి. ముక్కు పైకి లేవగానే ఇంజన్‌కి వెళ్లే గొట్టం దగ్గరికి చేరాయి.

ముందు రోజు ఆ షెడ్‌లోకి ఎవరెవరు వచ్చారని అడిగితే బయటివాళ్లు ఎవరూ రాలేదన్నాడు. డిపార్ట్‌మెంట్ వాళ్లు తనిఖీకి వచ్చి ఒక గంట ఉన్నారు. వాళ్లు చూస్తున్నంతసేపూ తాము బయటే నిలబడ్డామన్నాడు.

"అందులో నేనూ ఉన్నాను. ముద్దాయిల జాబితాలో రాసుకోండి," అన్నారెవరో వెనక నుంచి.

ప్రమాద విచారణాధికారిని అందరూ కొలబద్ద అంటారు. ఆయన జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉంటుంది. మాట్లాడుతూ దాన్ని తీసి వేళ్ల మధ్య తిప్పుతాడు. పోలీసులు ఈ కేసులో వేలు పెట్టడం ఆయనకి ఇష్టం లేదు. ఆ మాట ఆయన దాచుకోలేదు కూడా.

నీళ్ల సంగతి ఇన్‌స్పెక్టర్ చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు. తేమ వల్ల ట్యాంకుల్లో నీళ్లు చేరుతూనే ఉంటాయన్నాడు. నీళ్లు ఇంజన్‌ని ఆపుతాయి, మనిషిని చంపవు అన్నాడు. ఒక ఇంజన్‌తో దిగడం ప్రతి పైలట్‌కీ నేర్పుతారు. ఈయనకి చేతకాలేదు.

"చచ్చినవాడి కళ్లు చారడేసి అంటారు మేడమ్. ఇప్పుడు అందరూ ఆయన్ని పొగుడుతున్నారు. బతికుండగా మామూలు పైలటే."

"రాడార్‌లో వేగం ఎనభై ఏడు."

"చూసినవాడు తమ్ముడు. అన్నకి అనుకూలంగా కాక ఇంకెలా చూస్తాడు?"

కిందటేడు కుర్ర పైలట్ చనిపోయిన కేసులో రిపోర్టు ఎవరు రాశారని ఆమె అడిగింది. స్కేలు వేళ్ల మధ్య ఆగింది. తనే రాశానన్నాడు. అందులో వేగం ఎంత అని అడిగితే ఫైలు చూసి చెప్పాలన్నాడు. ఇన్ని కొలతలు నోటికొచ్చిన మనిషికి ఆ ఒక్క అంకె గుర్తు లేదు. రెండో విమానం సంగతి అడిగింది. మంగళవారమే దానికి తన చేత్తో సీలు వేశానన్నాడు. ఈ మెకానిక్‌ని నమ్మే పరిస్థితి లేదు కాబట్టి ఇంధనం కూడా తనే వంపి చూశానన్నాడు. శుభ్రంగా ఉందట. ప్రయోగం కాబట్టి పైలట్ తప్ప రెండో మనిషి ఎక్కకూడదని రాసిందీ తనే.

నీళ్లు మనిషిని చంపవన్న మాట ఇన్‌స్పెక్టర్‌ని వదల్లేదు. అది నిజమే. అలాంటప్పుడు నీళ్లు పోసినవాడు దేన్ని నమ్ముకుని పోశాడు?

మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. విమానం తయారుచేసిన కంపెనీలో టెస్ట్ పైలట్. పొద్దున ఆమె చేసిన ఫోన్‌కి ఇప్పుడు జవాబు చెప్తున్నాడు. ఎర్రగీతలు గీసేది వీళ్లే. ఎలా గీస్తారో అతను తాపీగా చెప్పాడు. ఒక ఇంజన్ ఆపేసి, వేగం తగ్గిస్తూ, ఎక్కడ మాట వినడం మానేస్తుందో చూస్తారు. అలా చూసేటప్పుడు విమానాన్ని పనిచేసే ఇంజన్ వైపుకి ఐదు డిగ్రీలు ఒరగబెడతారు. ఆ ఒరుగుడు చుక్కానికి సాయం చేస్తుంది. గోళీ మధ్యలో ఉండదు, ఒరిగిన వైపుకి జరుగుతుంది. జరగాలి కూడా.

రెక్కలు సమంగా పెట్టి గోళీని మధ్యలో ఉంచితే ఏమవుతుందని ఆమె అడిగింది.

"అప్పుడు మా ఎర్రగీత మీకు పనికిరాదు. మీ అసలు గీత ఇంకో పది నాట్లు పైన ఉంటుంది. అది డయల్ మీద ఎవరూ గీయరు," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ మెట్ల మీదే నిలబడిపోయింది. ఎనభై ఏడు ఎర్రగీతకి పైన. మాస్టారి శిష్యులకి మాత్రం కింద. నీళ్లు పోసినవాడికి విమానం తెలుసు, అంతకంటే పైలట్ తెలుసు. ఇంజన్ ఆగితే ఆయన చేతులూ కాళ్లూ ఏం చేస్తాయో తెలుసు. అంటే పోసినవాడూ గోళీ బ్యాచే అయి ఉండాలి.

చేతి గడియారం చూసుకుంది. మూడూ ఇరవై. పైలట్ భార్యకి ఈ మాట చెప్పడానికి ఇంకా టైముంది అనుకుంది.

మేడ మీద శిక్షణ గదిలో సిమ్యులేటర్ ఉంది. కదలని కాక్‌పిట్, ముందు తెర, పక్కన ఇంజన్లు ఆపే స్విచ్చులున్న బల్ల. బల్ల దగ్గర హెడ్ కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టింది. పాతికేళ్ల సర్వీసులో దొంగల్ని ఆపాను గానీ ఇంజన్ ఆపలేదు మేడమ్ అన్నాడతను. తను తల ఊపినప్పుడు ఎడమ స్విచ్చు నొక్కితే చాలని చెప్పింది.

ఆమె పిలిపిస్తే కొలబద్ద వచ్చి చుట్టూ చూశాడు. పోలీసులకి విమానం నేర్పడం కూడా తన ఉద్యోగంలో భాగమా అన్నాడు. ఒక్కసారి చూపిస్తే తనకి అర్థమవుతుందంది ఆమె. ఆయన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. మీరెక్కడ నేర్చుకున్నారని మామూలుగా అడిగింది. వేరే చోటన్నాడు. ఈ మాస్టారి గురించి వినడమే గానీ మొహం కూడా చూళ్లేదన్నాడు.

తెర మీద రన్‌వే కదిలింది. విమానం లేచింది. ఆయన ఒక చేత్తో నడుపుతూ రెండో చేత్తో డయళ్లు చూపిస్తున్నాడు. ఇది వేగం, ఇది ఎత్తు, ఇక్కడ మన పైలట్‌గారు చేసిన తప్పేమిటంటే...

ఆమె తల ఊపింది.

ఎడమ ఇంజన్ చప్పుడు ఆగింది. తెర ఎడమకి తిరిగింది. ఆయన మాట సగంలో తెగింది. రెండో చెయ్యి స్టీరింగ్ మీదకి వచ్చింది. కుడి కాలు పెడల్‌ని నొక్కింది. రెక్కలు సమమయ్యాయి. గోళీ మెల్లగా జరిగి గొట్టం మధ్యకి వచ్చి ఆగింది. ఆయన కళ్లు దాని మీదే ఉన్నాయి. వేగం తొంభై రెండు. తొంభై. ఎనభై ఎనిమిది. ఎర్రగీతకి ఇంకా పైనే ఉంది.

తెర తలకిందులైంది.

హెడ్ కానిస్టేబుల్ స్విచ్చు మీద నుంచి వేలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీరు తెర వైపు చూళ్లేదు మేడమ్. గోళీ వైపు చూశారు," అన్నాడు కొలబద్ద.

"మీరూ దాని వైపే చూశారు."

ఆయన బెల్టు విప్పుకోలేదు. కుడి కాలు ఇంకా పెడల్ మీదే ఉంది.

"ఐదు డిగ్రీల సంగతి మీకు తెలీదా?"

"తెలుసు. పుస్తకం మొత్తం తెలుసు. బుర్రకి తెలిసింది కాళ్లదాకా దిగదు," అని ఆయన ఎడమ చేతి కణుపులు రుద్దుకున్నాడు.

కిందటేడు చనిపోయిన కుర్రాడికి ఎవరు నేర్పారని ఆమె అడిగింది. సమాధానం కోసం ఆగలేదు. వచ్చినా ఇప్పుడు ఆమెకి అక్కర్లేదు. వాడికి గోళీ పద్ధతి నేర్పింది ఈయనే, రిపోర్టు రాసిందీ ఈయనే. రాసి, తప్పంతా చచ్చినవాడి మీద పెట్టాడు. గురువారం ఆ మాట బయటపెట్టబోయినవాడు మంగళవారం పోయాడు. ఇప్పుడు అతని భార్య అదే అంకె కోసం గాల్లోకి వెళ్తోంది. అన్నిటికంటే ముందు ఆ విమానం దగ్గర ఎవరినైనా నిలబెట్టాలి. ఇన్‌స్పెక్టర్ తలుపు వైపు నడిచింది.

"నాలుగింటికి అనుకున్నాం కదా. సాయంత్రానికి గాలి పెరుగుతుందని మూడున్నరకే బయల్దేరమన్నాను," అన్నాడాయన.

కిటికీ అద్దం సన్నగా అదిరింది. రెండు ఇంజన్ల చప్పుడు రన్‌వే అవతలి చివర మొదలై ఇటు వస్తోంది.

ఆయన్ని కదలనివ్వద్దని హెడ్ కానిస్టేబుల్‌కి చెప్పి, ఆమె కిటికీ తెరిచి టవర్‌కి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. తమ్ముడు మొదటి రింగుకే ఎత్తాడు. విమానం ఆపమంది. ఆగదు మేడమ్, చక్రాలు లేచాయన్నాడు. తెల్లటి విమానం కిటికీ ముందు నుంచి పోయింది. చక్రాలు ముడుచుకుంటున్నాయి. ముక్కు పైకి లేచింది.

చప్పుడు సగమైంది.

ఎడమ ప్రొపెల్లర్ ఆకులు విడివిడిగా కనిపించాయి. ముక్కు ఎడమకి తిరిగింది, తర్వాత ఆగింది. రెక్కలు సమంగా నిలిచాయి. నేర్పినట్టే చేస్తోంది. ఇన్‌స్పెక్టర్ ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"గోళీని వదిలెయ్యమను. కుడి రెక్క కిందకి వంచమను. పనిచేసే ఇంజన్ వైపుకి. ముక్కు దించమను. ఇప్పుడే."

కంట్రోలర్లు రేడియోలో విమానాన్ని నంబరుతో పిలవాలి. అతను నంబరు పిలవలేదు.

"వదినా, గోళీ వద్దు. కుడివైపుకి ఒరుగు. కుడికి ఒరుగు వదినా. ముక్కు దించు."

ఎడమ రెక్క కిందకి వాలడం మొదలైంది. షెడ్ బయట నిలబడ్డ మెకానిక్ తల పట్టుకుని అటు తిరిగిపోయాడు. రెక్క ఇంకాస్త వాలింది. అక్కడ ఆగింది. తర్వాత వెనక్కి లేచింది, సమమైంది, సమం దగ్గర ఆగలేదు. విమానం కుడివైపుకి ఒరిగింది. అలా ఒరిగే కంచె దాటింది. మంగళవారం విమానం పడ్డ చోట గడ్డి ఇంకా నల్లగానే ఉంది. దాని మీద నుంచి పోయింది. ఎత్తు పెరగడం లేదు. తగ్గడమూ లేదు.

తర్వాత ఒక్కో గజం చొప్పున పైకి లేచింది.

టవర్ రేడియోలోంచి పైలట్ భార్య గొంతు ఫోన్‌లో వినపడింది. వెనక్కి తిరిగి దిగుతానంది. వేగం చెప్పింది, ఎత్తు చెప్పింది. గోళీ కుడివైపు ఉందని కూడా చెప్పింది. ఒరగమని చెప్పించింది ఇన్‌స్పెక్టర్ మేడమ్ అన్నాడు తమ్ముడు.

"ఆయన కూడా ఇలా ఒరిగించి ఉంటే బతికేవాడా? మేడమ్‌ని అడుగు," అంది.

తమ్ముడు ఆ ప్రశ్నని మళ్లీ అడగలేదు.

"బతికేవాడే," అన్నాడు కొలబద్ద సీట్లోంచి. "అలా ఒరిగించడని నాకు తెలుసు. మేమిద్దరం ఒకే ఏడు నేర్చుకున్నాం."

ఇన్‌స్పెక్టర్ అరచేత్తో ఫోన్ మూసింది. ఆ మాట అటు వెళ్లిందో లేదో తెలీదు. బయట విమానం ఒక ఇంజన్‌తో పెద్ద మలుపు తిరుగుతోంది. రన్‌వే ఇంకా దాని వెనకే ఉంది.

"ఏం చెప్పమంటారు మేడమ్?" అన్నాడు తమ్ముడు.

ఆమె చెయ్యి తీసింది.

"ముందు దిగమను. దిగాక నేనే చెప్తాను."